రాతి కాటేజీ కొనబోతున్న మేనకోడలికి

చిరంజీవి కీర్తికి,

అత్తయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. ఇంగ్లండులో కాట్స్‌వోల్డ్స్ కొండ ప్రాంతంలో మీరు కొనాలనుకుంటున్న పాత రాతి కాటేజీవి నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు, ఏజెంటు ఇచ్చిన బ్రోషరు అన్నీ చూశాను. "ఎలా ఉందో ఒక్క మాటలో చెప్పు అత్తా" అన్నావు. ఒక్క మాటలో తేలే వ్యవహారమైతే నేను ఇన్నేళ్లు కౌన్సిల్లో పాత ఇళ్ల చుట్టూ తిరిగే ఉద్యోగం చేసి లాభమేముంది? అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. అబ్బాయికి కూడా చదివి వినిపించు. సోమవారం లోపు ఆఫర్ పెట్టకపోతే ఇల్లు చెయ్యి జారిపోతుందని ఏజెంటు అన్నాడట కదా. ఆ మాట వాళ్లు ప్రతి ఇంటికీ అంటారు. టెన్షన్ పడకు.

ఫొటోల్లో నీకు నచ్చింది తలుపు మీద పాకిన గులాబీ తీగ. నేను చూసింది ఆ తీగ వెనకాల గోడ. రాళ్ల మధ్య సందుల్లో బూడిద రంగు పట్టీలు ఉబ్బెత్తుగా కనిపిస్తున్నాయి. అది సిమెంటు. ఈ ఉత్తరంలో అసలు విషయం అదే, కానీ కాస్త ఆగు. ఆ ఇల్లు అలా ఎందుకుందో ముందు తెలియాలి. తెలియకపోతే నీకు ప్రతి వంకరా లోపంలాగే కనిపిస్తుంది, అసలు లోపం మాత్రం కంటికి ఆనదు.

రైళ్లు రాకముందు రాయిని బండి మీద దూరం తోలడం చాలా ఖర్చుతో కూడిన పని. చర్చికో, జమీందారు భవనానికో తెప్పించేవాళ్లు తప్ప, మామూలు మనిషి ఊరి పక్క క్వారీలో ఏది దొరికితే దానితోనే కట్టుకునేవాడు. అందుకే ఇంగ్లండులో పాత ఇళ్ల రంగు చూస్తే కింద నేలలో ఏముందో తెలిసిపోతుంది. కార్న్‌వాల్లో గ్రానైటు, యార్క్‌షైర్ కొండల్లో నల్లబడిన గరుకు ఇసుకరాయి, నార్ఫోక్‌లో చెకుముకి రాయి. మీరు చూసిన కాట్స్‌వోల్డ్స్‌ది సున్నపురాయి. దక్షిణాన డోర్సెట్ తీరం నుంచి బాత్, కాట్స్‌వోల్డ్స్ మీదుగా నార్తాంప్టన్‌షైర్, లింకన్‌షైర్ దాకా ఐమూలగా ఒక పట్టీలా సాగే రాయి ఇది. జురాసిక్ కాలంలో, అంటే సుమారు 16, 17 కోట్ల ఏళ్ల కిందట, ఇక్కడ లోతులేని వెచ్చటి సముద్రం ఉన్నప్పుడు ఏర్పడింది. భూతద్దం పెట్టి చూడు, ఆవగింజ కన్నా చిన్న గుండ్రటి గింజలు ఒకదానికొకటి అంటుకుని కనిపిస్తాయి. బాత్ వైపు మీగడ రంగులో ఉంటుంది. ఉత్తరానికి, చిప్పింగ్ కాంప్డెన్ వైపు వెళ్లేకొద్దీ ఇనుము పాలు ఎక్కువై తేనె రంగుకి తిరుగుతుంది. మీరు చూసిన ఊరు నార్త్‌లీచ్ పక్కనే కాబట్టి గోడ మరీ పసుపుగానూ ఉండదు, మరీ తెల్లగానూ ఉండదు. ఎక్కడైనా ఒక్క మూల రంగు తేడాగా కనిపిస్తే అక్కడ ఎవరో వేరే రాయి తెచ్చి అతికారని అర్థం. ఎప్పుడు, ఎందుకు అని అడుగు.

ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు నార్త్‌లీచ్ చర్చిలోకి కూడా ఒకసారి వెళ్లండి. నేల మీద ఊలు వర్తకుల సమాధులకు ఇత్తడి రేకులు ఉంటాయి. వాళ్ల పాదాల కింద గొర్రె, ఊలు మూట చెక్కి ఉంటాయి. దేవుడి ఇంట్లో కూడా తమకు అన్నం పెట్టిందేదో దాచుకోలేదు వాళ్లు. ఈ ప్రాంతం సంపదంతా మధ్యయుగాల్లో ఆ గొర్రెల మీద వచ్చిందే. బైబరీలో ఆర్లింగ్టన్ రో అని ఫొటోలు తీసుకోవడానికి జనం ఎగబడే ఇళ్ల వరస ఉంది కదా, అది మొదట ఇళ్లే కాదు. 1380 ప్రాంతంలో మఠం వాళ్లు ఊలు నిల్వకి కట్టించిన గోదాము. 17వ శతాబ్దంలో దాన్ని గదులుగా విడగొట్టి నేతగాళ్లకి ఇళ్లు చేశారు. ఎదురుగా ఉన్న పచ్చిక లంకలో బట్ట ఆరేసేవాళ్లు. ఇప్పుడది పాత కట్టడాలు కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది.

చరిత్రకారుడు హాస్కిన్స్ 1953లో ఒక వాదన పెట్టాడు. 1570 నుంచి 1640 మధ్య ఇంగ్లండు పల్లెల్లో ఇళ్లని పెద్ద ఎత్తున తిరిగి కట్టారని. తేదీల మీద తర్వాతి వాళ్లు చాలా వాదించుకున్నారు కానీ, జరిగిన మార్పు మాత్రం ఇళ్లలో కనిపిస్తూనే ఉంటుంది. అంతకుముందు గది మధ్యలో మంట, పైన కప్పు దాకా ఖాళీ, పొగ వాసాల మధ్య నుంచి బయటికి పోయేది. ఆ తర్వాత రాతి చిమ్నీ వచ్చింది. పొగకి దారి దొరికాక మధ్యలో దూలం వేసి పైన ఇంకో అంతస్తు తయారు చేసుకున్నారు. బ్రోషర్లో ఘనంగా రాశాడే, "ఒరిజినల్ ఇంగిల్‌నుక్" అని, మనిషి లోపలికి వెళ్లి కూర్చునేంత పెద్ద పొయ్యి, అది ఆ మార్పు తెచ్చిపెట్టిందే. దాని పైనున్న ఓక్ దూలం మీద సూదిమొనతో గీసిన పువ్వులు, వృత్తాలు, కాలిన మచ్చలు ఉన్నాయేమో చూడు. చిమ్నీలోంచి దుష్టశక్తి దిగుతుందని భయపడి రక్షగా పెట్టుకున్న గుర్తులు. ఉంటే ఎవరూ రుద్ది పాలిష్ పెట్టకుండా చూసుకో.

ఇక ఆ డబ్బంతా ఏమైంది? బట్ట మిల్లులు స్ట్రౌడ్ లోయలోకి, ఆ తర్వాత యార్క్‌షైర్‌కి పోయాయి. 1870ల నుంచి వ్యవసాయం కూడా దెబ్బతింది. ఊళ్లు ఎండిపోయాయి. పాతది పడగొట్టి కొత్తది కట్టుకునే స్తోమత ఎవరికీ లేక ఈ ఇళ్లు ఇలా మిగిలాయి. ఇప్పుడు వీకెండ్‌కి లండన్ నుంచి వచ్చి ముచ్చట పడేవాళ్లకి ఈ సంగతి పట్టదు. రెండు గదుల్లో ఏడెనిమిది మంది పిల్లలతో బతికిన కూలీల ఇళ్లివి. మీరు చూసిన "మూడు బెడ్‌రూముల కాటేజీ" ఒకప్పుడు రెండు ఇళ్లని నా అనుమానం. ముందు గోడలో ఎడమ కిటికీ కింద రాళ్లు నేల దాకా వేరే తీరులో పేర్చి ఉన్నాయి. అక్కడ తలుపు ఉండేది, మూసేశారు. లోపల మెట్లు రెండు చోట్ల ఉండి ఉండాలి. రెండోది ఇప్పుడు అల్మరా అయి ఉంటుంది, తెరిచి చూడు. మధ్య గోడ తీసేశారా, తీస్తే పైన బరువు దేని మీద నిలబడింది, అనుమతి కాగితం ఉందా? ఈ మూడు ప్రశ్నలు ఏజెంటుని కాదు, సొలిసిటర్ ద్వారా, అంటే కొనుగోలు కాగితాలు చూసే లాయరు ద్వారా, రాతపూర్వకంగా అడిగించు.

ఇంకో కథ కూడా చెబుతాడు ఏజెంటు. పక్క గోడలో మూసేసిన కిటికీ చూపించి, "విండో ట్యాక్స్ తప్పించుకోవడానికి మూశారు మేడమ్" అంటాడు. కిటికీల పన్ను నిజమే, 1696 నుంచి 1851 దాకా ఉంది. కానీ 1766 తర్వాత కూడా అది ఏడు, అంతకు మించి కిటికీలున్న ఇళ్లకే ఎక్కువగా తగిలింది. కూలివాడి కాటేజీకి ఏడు కిటికీలు ఎక్కడివి? చలిగాలి ఆపడానికో, లోపల మంచం వేసుకోవడానికో, పక్కన ఇంకో గది కట్టినందుకో మూసి ఉంటారు. నవ్వి ఊరుకో.

ఇప్పుడు గోడ సంగతి. ఇక్కడ నెమ్మదిగా చదువు.

ఆ గోడ ఒకే రాతి గోడ కాదు. బయట ఒక వరస, లోపల ఒక వరస, రెంటి మధ్య రాతి ముక్కలు, మట్టి, సున్నం కూరి ఉంటాయి. మొత్తం మందం 45 నుంచి 60 సెంటీమీటర్లు. అక్కడక్కడ ఒక పొడుగు రాయి అడ్డంగా వేసి రెండు వరసల్నీ కట్టి ఉంచుతారు. పునాది పెద్దగా ఉండదు, కొన్ని చోట్ల నేల మీంచి జానెడు లోతు కూడా ఉండదు. కొత్త ఇళ్లలోలాగా చెమ్మ ఎక్కకుండా అడ్డుపొర ఏమీ ఉండదు. అంటే వాన పడితే గోడ తడుస్తుంది, నేల నుంచి కొంచెం చెమ్మ పీలుస్తుంది. గాలీ ఎండా తగిలితే ఆ తడి మళ్లీ బయటికి పోతుంది. ఇలా తడవడం, ఆరడం మీదే ఆ ఇల్లు ఇన్నేళ్లు నడిచింది. రాళ్ల మధ్య ఉన్న సున్నం మెత్తన కాబట్టి తడి ఎక్కువగా దాని గుండానే బయటికి పోతుంది. ఉప్పు పేరుకున్నా, మంచుకి పగిలినా పాడయ్యేది సున్నమే. కొన్ని పదుల ఏళ్లకొకసారి దాన్ని గీకి కొత్తది పెట్టుకుంటే సరిపోయేది. రాయికి ఏమీ కాదు.

1824లో లీడ్స్ మేస్త్రీ జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకి పేటెంట్ తీసుకున్నాడు. అది పల్లె ఇళ్ల గోడల్లోకి ఎక్కువగా వచ్చింది 20వ శతాబ్దంలో. గట్టిది, తొందరగా పట్టుకుంటుంది, ఇంకేం కావాలి అనుకున్నారు. కానీ సిమెంటు పట్టీ గుండా తడి బయటికి రాదు. దారి మూసుకుపోయేసరికి అది రాతి గుండానే బయటికి రావాలి. మన మట్టి కుండకి బయట పెయింటు వేస్తే నీళ్లు చల్లబడవు చూడు, ఆ లెక్కే ఇక్కడా. గోడలో నిలిచిన నీళ్లు చలికాలం గడ్డకడతాయి, రాతి ముఖం పొరలు పొరలుగా ఊడిపోతుంది.

కాబట్టి నైరుతి వైపు, లేదా వాన కొట్టే ఏ వైపైనా సరే, గోడ దగ్గరికి వెళ్లి నిలబడు. మొహం ఆనించేంత దగ్గరగా. సిమెంటు పట్టీలు గట్టులా ముందుకు పొడుచుకొచ్చి, మధ్యలో రాయి లోపలికి తినేసినట్టు ఉందా? పట్టీ కన్నా రాయి ఒక వేలు మందం వెనక్కి పోయిందా? గోరుతో గీకితే పొడి రాలుతోందా? గోడ మొదట్లో నేల మీద ఆ పొడి కుప్పగా కనిపిస్తోందా? ఇవన్నీ ఉంటే ఆ వైపంతా సిమెంటు తీయించి సున్నంతో మళ్లీ పాయింటింగ్, అంటే సందులు నింపే పని, చేయించాలి. ఉలి, సుత్తితో ఒక్కొక్క సందూ గీకే పని అది. గ్రైండర్ పెడితే రాతి అంచులు కోసుకుపోతాయి. ఖర్చవుతుంది, కానీ ఇల్లు వదులుకోవాల్సినంత విషయం కాదు. ధరలో తగ్గించమని అడగడానికి కారణం మాత్రం అవుతుంది. ఇంకొకటి, గోడ మధ్యలో పొట్ట ముందుకు వచ్చిందేమో పక్క నుంచి కన్ను పెట్టి చూడు. బయటి వరస లోపలి వరస నుంచి విడిపోతే అలా ఉబ్బుతుంది. అది సర్వేయరు చూసి తేల్చాల్సిన సంగతి.

వాన రోజు వెళ్లు. ఎండలో ఏ ఇల్లయినా బాగానే ఉంటుంది. గొడుగు పట్టుకుని ఇంటి చుట్టూ తిరుగు. చూరు కింద వాననీళ్లు పట్టే గట్టర్లు పొంగి గోడ మీద కారుతున్నాయా, డౌన్‌పైపు నీళ్లు ఎక్కడ వదులుతోంది, తోట మట్టి లోపలి నేల కన్నా ఎత్తుగా ఉందా చూడు. ఈ ఇళ్ల చుట్టూ వందల ఏళ్లుగా మట్టి పేరుకుంటుంది. దాని మీద ఎవరో ముచ్చటపడి సిమెంటు ప్లాట్‌ఫారం వేయిస్తారు. గోడ కింది భాగం భూమిలో పూడుకుపోయినట్టే. ఇంట్లో చెమ్మ అని గగ్గోలు పెట్టే కేసుల్లో నేను చూసినంతవరకు ఎక్కువ భాగం పగిలిన గట్టరు, ఎత్తు పెరిగిన మట్టి, సిమెంటు ప్లాస్టరు, ఈ మూడింటి దగ్గరే తేలేవి. మట్టి తీయించేటప్పుడు మాత్రం జాగ్రత్త. పునాది లోతు తక్కువ అన్నాను కదా, దాని కిందికి తవ్వితే గోడే కదులుతుంది.

లోపల నేల చూడు. పాత రాతి పలకలు మట్టి మీద పరిచి ఉంటే అదృష్టం. వాటిని పీకేసి కింద ప్లాస్టిక్ షీటు వేసి కాంక్రీటు పోసి ఉంటే, నేలలోంచి వచ్చే చెమ్మ పక్కకి తిరిగి గోడల్లోకి ఎక్కుతుంది. 1960, 70ల్లో బాగుచేసిన ఇళ్లలో ఇది మామూలే.

చెమ్మకి మందు ఇంజెక్షన్ చేస్తామని వచ్చే కంపెనీ వాళ్లతో జాగ్రత్త. రెండు పిన్నులున్న మీటరు గోడకి గుచ్చి, ఎర్రలైటు చూపించి, "మొత్తం తడిసిపోయింది మేడమ్" అంటారు. ఆ మీటరు చెక్కలో తేమ కొలవడానికి చేసింది. పాత గోడలో ఉప్పు ఉన్నా అది ఎర్రలైటే చూపిస్తుంది. ఆ తర్వాత గోడ పొడుగునా కన్నాలు వేసి రసాయనం పోసి, పైన సిమెంటు ప్లాస్టరు కొట్టి గ్యారంటీ కాగితం చేతిలో పెడతారు. మధ్యలో రాతి ముక్కలు కూరిన గోడలో ఆ రసాయనం ఎటు పోతుందో వాళ్లకే తెలియదు. కొత్త ప్లాస్టరు వల్ల కొన్నాళ్లు చెమ్మ కనబడదు, అంతే. బ్యాంకు వాళ్లు ఆ కాగితం అడిగితే, పాత కట్టడాలు తెలిసిన స్వతంత్ర సర్వేయరు రిపోర్టు ఇస్తామని చెప్పండి.

సున్నం పని అంటే నీకు కొత్తగా ఉంటుందేమో కానీ మన బేతంచెర్లలో మీ తాతగారి ఇల్లు దానితో కట్టిందే. గానుగలో ఎద్దుని తిప్పి సున్నం, ఇసుక కలిపి నూరేవాళ్లు. బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం పోసేవాళ్లు. ఇక్కడ బెల్లం బదులు లోపలి పూతలో పశువుల వెంట్రుకలు కలుపుతారు, పగుళ్లు రాకుండా. మేస్త్రీని పెట్టుకునేటప్పుడు ఏ సున్నం వాడతావని అడుగు. ఈ మెత్తటి రాతికి తగిన సున్నం పేరు, ఇసుక రకం గడగడా చెబితే సరే. "సున్నమే వాడతా, పట్టుకోవడానికి కాస్త సిమెంటు వేస్తా" అన్నాడంటే టీ ఇచ్చి పంపించెయ్. పని ఏప్రిల్ నుంచి అక్టోబరు లోపే చేయించాలి. సున్నం నెమ్మదిగా గట్టిపడుతుంది, ఆ లోగా మంచు తగిలితే రాలిపోతుంది. ఎండలో మరీ తొందరగా ఆరకుండా తడి గోనెపట్టాలు కప్పాలి. నవంబరులో చేస్తానని వచ్చేవాడు వేరే పని లేక వచ్చాడని లెక్క.

కప్పు. మీరు చూసిన ఇంటి కప్పు అసలు రాతి పలకలేనని ఫొటోలో అనిపిస్తోంది. అదే అయితే ఈ ఇంట్లో అన్నిటికన్నా విలువైన వస్తువు అది. చూరు దగ్గర పెద్ద పలకలు, పైకి వెళ్లేకొద్దీ చిన్నవి, శిఖరం దగ్గర అరచేతంత. పెద్దవి కింద ఉండటానికి కారణం ఉంది. నీళ్లు ఎక్కువగా చేరేది అక్కడే కాబట్టి అతుకులు తక్కువ ఉండాలి, బరువు కూడా గోడకి దగ్గరగా ఉండాలి. వంద చదరపు అడుగుల కప్పు దాదాపు టన్ను తూగుతుంది. వాలు 50 డిగ్రీల పైనే పెట్టారంటే, ఎగుడుదిగుడు పలకల సందుల్లోకి నీళ్లు ఎక్కకుండా జారిపోవడానికి. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో స్టోన్స్‌ఫీల్డ్ అనే ఊళ్లో ఈ పలకలు చీల్చే పద్ధతి నాకు భలే ఇష్టం. శరదృతువులో గనిలోంచి రాయి తీసి, ఎండకుండా మట్టి కప్పి ఉంచేవాళ్లు. చలికాలంలో బయట పరిచి నీళ్లు చల్లేవాళ్లు. రాత్రి గడ్డకట్టిన నీళ్లు పొరల మధ్య ఉబ్బి రాయిని చీల్చేవి. మంచు పడే సూచన కనిపిస్తే అర్ధరాత్రయినా చర్చి గంట కొట్టి ఊరందర్నీ లేపేవాళ్లని చెబుతారు. ఆ గనులు 20వ శతాబ్దం మొదట్లో మూతపడ్డాయి. అందుకే ఇవాళ పాత పలకల ధర అంత.

అటక ఎక్కడం మాత్రం మానకు. ఏజెంటు నిచ్చెన లేదంటాడు, ముందే చెప్పి తెప్పించు. లోపలికి వెళ్లి టార్చి ఆర్పేసి ఒక నిమిషం నిలబడు. అక్కడక్కడ వెలుతురు చుక్కలు కనిపించినంత మాత్రాన కంగారు పడకు, అవి ఏటవాలు సందులు. టార్చి వేసి పలక పైభాగంలో చూడు, కన్నంలోంచి చిన్న ఓక్ మేకు వచ్చి బద్దకి తగులుకుని వేలాడుతుంటుంది. ఆ మేకులు, బద్దలు పుచ్చిపోతే పలక జారుతుంది. పలక మాత్రం బాగానే ఉంటుంది, దించి మళ్లీ ఎక్కించుకోవచ్చు. దూలాల్లో చిన్న చిన్న కన్నాలుంటే అవి వందేళ్ల కిందటివి కావచ్చు. కింద తాజా పొడి రాలుతుంటేనే పురుగు బతికి ఉన్నట్టు. అటకంతా చలి ఆపడానికని పసుపురంగు నురుగు స్ప్రే చేసి ఉంటే మాత్రం అక్కడితో ఆగిపో. వాసాలకి గాలి ఆడదు, పలకలు దించడానికి కుదరదు, చాలా బ్యాంకులు అలాంటి ఇంటికి లోనే ఇవ్వవు. గబ్బిలాల రెట్ట కనిపిస్తే ఇల్లు వదులుకోనక్కర్లేదు. కానీ 1981 చట్టం ప్రకారం వాటిని కదపకూడదు, కప్పు పని ఎప్పుడు చేయాలన్నా ముందు గబ్బిలాల సర్వే చేయించాలి.

ఇక లిస్టింగ్, అంటే కాపాడాల్సిన పాత కట్టడాల ప్రభుత్వ జాబితాలో ఉండటం. ఆ ఇల్లు గ్రేడ్ టూ అని బ్రోషర్లోనే ఉంది. ఇంగ్లండులో లిస్ట్ చేసిన కట్టడాల్లో నూటికి తొంభైకి పైగా ఆ గ్రేడువే. 1700కి ముందుది కాస్త అసలు రూపంలో మిగిలి ఉంటే దాదాపు తప్పకుండా లిస్టులో ఉంటుంది. చాలామంది "బయటి ముఖానికే కదా" అనుకుంటారు. కాదు. లోపలి మెట్లు, తలుపులు, పొయ్యి, 1948 జూలై 1కి ముందు నుంచి ఆవరణలో ఉన్న పశువుల కొట్టం, అన్నీ కలిపే. స్వభావం మారే ఏ పనికైనా కౌన్సిల్ అనుమతి కావాలి. దరఖాస్తుకి ఫీజు లేదు. అనుమతి లేకుండా చేస్తే మాత్రం క్రిమినల్ నేరం, రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. నీకు ముఖ్యమైన సంగతేంటంటే, పాత యజమాని దొంగచాటుగా చేసిన పనికి నిన్ను జైల్లో పెట్టరు కానీ, సరిచేయమని నోటీసు మాత్రం నీకే వస్తుంది. ఇన్నేళ్లు దాటితే చెల్లదు అనే గడువు కూడా లేదు. వెనక వైపు ఫొటోలో తెల్ల ప్లాస్టిక్ కిటికీ ఒకటి చూశాను. దానికి అనుమతి ఉందా అని తప్పకుండా అడిగించు. కన్సర్వేషన్ ఆఫీసరంటే, అంటే కౌన్సిల్లో నేను చేసిన ఉద్యోగమే, భయపడేవాళ్లు చాలామంది. మేము అంత చెడ్డవాళ్లం కాదు, పని మొదలెట్టకముందే వచ్చి అడిగినవాళ్లకి చాలానే సాయం చేసేవాళ్లం.

మీ అత్తగారు దక్షిణ ద్వారం అని అభ్యంతరం పెట్టారని రాశావు. పెద్దావిడ మాట కాదనకు కానీ, ఇక్కడ సూర్యుడు ఏడాదంతా దక్షిణం వైపే వాలి తిరుగుతాడు. చలికాలం నాలుగ్గంటలకే చీకటి పడే చోట ఆ వైపు తలుపూ కిటికీలూ పెట్టినవాడు తెలివైనవాడే. ఎలాగూ గ్రేడ్ టూ ఇంట్లో తలుపు తూర్పుకి మార్చడానికి కౌన్సిల్ ఒప్పుకోదు. ఆ మాట కౌన్సిల్ మీద పెట్టి చెప్పు, నీ మీద కోపం రాదు.

మిగతావి గబగబా. ఆ ఊరికి గ్యాస్ పైపు లేకపోవచ్చు, ఆయిల్ ట్యాంకు ఎక్కడుంది, ఎంత పాతది అని చూడండి. సెప్టిక్ ట్యాంకు నీళ్లు నేరుగా వాగులోకి వదలడం 2020 జనవరి నుంచి కుదరదు, దానిది ఎటు పోతోందో తెలుసుకోండి. నేలలోంచి వచ్చే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు పరీక్ష చేయించండి. హాల్లో ఒకటి, పడగ్గదిలో ఒకటి చిన్న డబ్బాలు పెట్టి మూడు నెలలు ఉంచుతారు. ఘనమీటరుకి 200 బెక్వెరెల్స్ దాటితే ఏదో ఒకటి చేయాలి, చేయడం అంత కష్టమూ కాదు. ఇన్సూరెన్సు మళ్లీ కట్టడానికయ్యే ఖర్చు మీద తీసుకోండి, మార్కెట్ ధర మీద కాదు. పాత పద్ధతిలో రాతితో మళ్లీ కట్టాలంటే లెక్క వేరు.

సర్వేకి డబ్బు ఆదా చేయొద్దు. బ్యాంకు చేయించే వాల్యుయేషన్ సర్వే కాదు. అన్నిటికన్నా వివరంగా చూసే లెవెల్ త్రీ సర్వే తీసుకోవాలి, అదీ పాత ఇళ్లే చూసే మనిషి చేత. డిజైనర్ విలియం మోరిస్, ఆర్కిటెక్ట్ ఫిలిప్ వెబ్ కలిసి 1877లో పాత కట్టడాల రక్షణకి పెట్టిన సొసైటీ ఒకటి ఉంది, అందరూ స్పాబ్ అంటారు. చర్చిల్ని "బాగు" చేస్తామని పాత పనితనమంతా గీకిపారేస్తున్న రోజుల్లో, మరమ్మతు చెయ్యండి కానీ కొత్తగా మార్చెయ్యకండి అని అడ్డం నిలబడ్డవాళ్లు. ఇప్పటికీ ఇంటి యజమానుల ప్రశ్నలకి ఫోన్‌లో సలహా ఇస్తారు, సున్నం పని మీద క్లాసులూ పెడతారు. అబ్బాయికి అలాంటివి ఇష్టమే కదా, పంపించు.

ఇల్లు మీదయ్యాక మొదటి చలికాలం గడిచేదాకా పెద్ద పనులేమీ మొదలెట్టొద్దు. నీళ్లు కారేవి మాత్రం వెంటనే ఆపండి. ఏ గోడ ఎప్పుడు తడుస్తుందో, ఎన్నాళ్లకి ఆరుతుందో, ఏ గదిలోకి ఎండ ఎప్పుడొస్తుందో ఏడాది చూస్తే గానీ తెలియదు. హీటింగ్ పొద్దున గంట, సాయంత్రం గంట మంటెత్తించకుండా తక్కువ మీద ఎక్కువసేపు ఉంచండి, ఆ మందం గోడలు వేడెక్కడానికే రోజులు పడుతుంది. మన వంటకి ఒక జాగ్రత్త ఉంది. కుక్కర్ ఆవిరి, పప్పు ఉడుకు, దోసెల పొగ, చలికాలం లోపలే ఆరేసిన బట్టలు, ఇవన్నీ కలిసి ఇంగ్లీషు వాళ్ల ఇంటికన్నా మన ఇంట్లో తేమ ఎక్కువ. బయటికి వదిలే ఫ్యాను పెట్టించు, అది కూడా గోడకి కన్నం కాబట్టి అనుమతి తీసుకుని. గోడలకి ప్లాస్టిక్ పెయింటు వద్దు, సున్నమే కొట్టించు. ఒకే అద్దం ఉన్న పాత కిటికీలు చలి అనుకుంటే మార్చకుండా లోపలి వైపు ఇంకో అద్దం ఫ్రేము బిగించుకోవచ్చు.

ఇంట్లో ఎవరెవరు ఉన్నారో తెలుసుకోవాలని ఉందన్నావు. గ్లాస్టర్‌లో కౌంటీ ఆర్కైవ్స్‌కి, అంటే పాత రికార్డుల ఆఫీసుకి వెళ్లు. 1836 చట్టం తర్వాత, చర్చికి కట్టే పదోవంతు పన్ను లెక్క కోసం గీసిన టైద్ మ్యాపు ఉంటే అందులో ఒక్కో ఇంటికి నంబరు, పక్కన పుస్తకంలో యజమాని పేరు, ఉంటున్నవాడి పేరు ఉంటాయి. తర్వాత 1841 నుంచి పదేళ్లకొకసారి జనాభా లెక్కలు. మీ ఇంటి దగ్గర "ఏజీ ల్యాబ్" అని పొట్టిగా రాసి ఉంటే వ్యవసాయ కూలీ అని. బహుశా వరసగా అదే చూస్తావు. చిమ్నీ పక్కనో, మెట్ల కిందనో పని చేయిస్తుంటే పాత చెప్పు ఒకటి దొరకవచ్చు, ఒక్కటే, అరిగిపోయింది. అదీ కీడు రాకుండా దాచిందే. చెత్తబుట్టలో వేయకుండా నార్తాంప్టన్ మ్యూజియం వాళ్లకి చెప్పు, ఇలా దొరికిన చెప్పుల జాబితా వాళ్ల దగ్గర ఉంది. చెప్పుని మాత్రం ఉన్నచోటే మళ్లీ పెట్టేసేవాళ్లే ఎక్కువ. నేనైనా అదే చేస్తాను.

శనివారం వాన పడుతుందని వాతావరణ శాఖ అంటోంది, మంచిదే. ఏజెంటుకి ఫోన్ చేసి పదకొండింటికి టైం తీసుకో, నిచ్చెన సంగతి గట్టిగా చెప్పు. నేనూ వస్తాను. ప్లాస్టిక్ బూట్లు, టార్చి, పాత బట్టలు మీరు తెచ్చుకోండి. మధ్యాహ్నానికి పులిహోర నేను తెస్తాను.

మీ అత్తయ్య